అమ్మమ్మ తరఫున క్షమించే హక్కు ఎవరిది?

అవ్వ ముఖం మీద నీలి పచ్చబొట్లు. చేతుల మీదా అవే. మన పల్లెటూళ్ళలో అయితే 'ఎంత ముచ్చటపడి పొడిపించుకుందో' అనుకుంటాం. కానీ సుజాన్ ఖర్దాలియన్ ఇంట్లో ఆ పచ్చబొట్ల ఊసే ఎత్తేవారు కాదు. అవ్వ కూడా మనవరాళ్ళను దగ్గరకు తీసుకుని ముద్దుచేసే మనిషి కాదు. ఎందుకో పిల్లలకు తెలియదు. అడిగే ధైర్యమూ లేదు.

ఆర్మేనియన్ కుటుంబంలో పుట్టిన సుజాన్ స్వీడన్‌లో స్థిరపడిన సినిమా దర్శకురాలు. పెద్దయ్యాక ఆ గుర్తుల సంగతేమిటో వెతుక్కుంటూ వెళ్ళి 2011లో ఒక డాక్యుమెంటరీ తీశారు. అప్పటికిగానీ తెలియలేదు, అవి సరదాకి పొడిపించుకున్న బొట్లు కావని! 1915 తర్వాత ఎడారి ప్రాంతాల్లో పరాయివాళ్ళ చేతుల్లో పడ్డ ఆర్మేనియన్ ఆడపిల్లలకు ఇలాంటి ముద్రలే వేశారు. 'ఈ పిల్ల ఇక మాది' అన్నట్టు.

ఇలాంటి అవ్వల మనవలూ మనవరాళ్ళూ ఈనాడు అమెరికాలో, ఫ్రాన్సులో, లెబనాన్‌లో లక్షల మంది ఉన్నారు. ఆర్మేనియా దేశంలో ఉన్నవాళ్ళకంటే బయట ఉన్నవాళ్ళే ఎక్కువ. "నూరేళ్ళు దాటిపోయింది కదా, టర్కులతో ఇక రాజీ పడకూడదూ?" అని వాళ్ళని అడిగి చూడండి. ఒకే ఇంట్లో మూడు రకాల జవాబులు వస్తాయి.

ఆ ఏడాది ఏం జరిగింది?

ఆర్మేనియన్లు మనకు బొత్తిగా కొత్తవాళ్ళేమీ కాదు. చెన్నైలో ఆర్మేనియన్ వీధి ఉంది, వాళ్ళ పాత చర్చి ఉంది. ప్రపంచంలోనే మొట్టమొదటి ఆర్మేనియన్ పత్రిక 1794లో అచ్చయింది మన మద్రాసులోనే! వాళ్ళు వ్యాపారం కోసం వచ్చినవాళ్ళు. 1915లో చెట్టుకొకరు పుట్టకొకరుగా చెదిరిపోయినవారి కథ వేరు.

ఇప్పటి టర్కీ అప్పట్లో ఒట్టోమన్ సామ్రాజ్యం. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. క్రైస్తవులైన ఆర్మేనియన్లు శత్రువైన రష్యాతో చేతులు కలుపుతారని పాలకుల అనుమానం. ఆ ఏడాది ఏప్రిల్ 24న ఇస్తాంబుల్‌లో ఆర్మేనియన్ రచయితలను, డాక్టర్లను, మతపెద్దలను వందల సంఖ్యలో అరెస్టు చేశారు. ఆ తర్వాత ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేయించారు. చాలాచోట్ల మగవాళ్ళను ముందే వేరుచేసి చంపేశారు. ఆడవాళ్ళను, పసిపిల్లలను, ముసలివాళ్ళను సిరియా ఎడారి దాకా నడిపించారు. దారి పొడవునా ఆకలి, దాహం, దోపిడీలు, అత్యాచారాలు. చనిపోయినవారు 10 లక్షల దాకా ఉంటారని కొందరు చరిత్రకారుల లెక్క. 15 లక్షలని ఆర్మేనియన్లు అంటారు.

ఆ నడకలో ఎంతోమంది ఆడపిల్లలు తప్పిపోయారు. కొందరిని ఎత్తుకుపోయారు, కొందరిని అమ్మేశారు. జాలిపడి ఇంట్లో దాచుకుని ప్రాణం నిలబెట్టిన టర్కులు, కుర్దులు, అరబ్బులు కూడా ఉన్నారు. తల్లీతండ్రీ లేని పిల్లల కోసం అమెరికాలో ఇంటింటా చందాలు పోగుచేశారు. నియర్ ఈస్ట్ రిలీఫ్ అనే సంస్థ 1,32,000 మంది అనాథలను సాకింది. కంచంలో తిండి వదిలేసే పిల్లలకు అక్కడి తల్లులు "ఆకలితో మాడిపోతున్న ఆర్మేనియన్లను తలచుకో" అని బుద్ధి చెప్పేవారట!

'ముందు ఆ ఒక్క మాట అననీ'

యుద్ధంలో రెండు వైపులా జనం చనిపోయారు, ఒక జాతినే తుడిచిపెట్టాలన్న పథకం ఏదీ లేదు అన్నది టర్కీ ప్రభుత్వం మొదటినుంచీ చెబుతున్న మాట. చరిత్రకారులతో కమిటీ వేసి తేల్చుకుందామంటుంది. "జరిగిందో లేదో తేల్చడానికి కమిటీ ఎందుకు? మా అమ్మమ్మే సాక్ష్యం కదా!" అన్నది విదేశాల్లోని ఆర్మేనియన్లలో ఎక్కువమంది జవాబు. వాళ్ళు కోరేది జెనోసైడ్, అంటే జాతి నిర్మూలన, అన్న మాట. ఆ పదాన్ని 1944లో తయారుచేసిన రఫాయెల్ లెమ్కిన్ అనే న్యాయవాది ఆర్మేనియన్లకు జరిగిన దాన్ని కూడా దృష్టిలో పెట్టుకున్నాడు. 2001లో ఫ్రాన్సు చట్టం చేసి మరీ ఆ మాట అంది. అమెరికా అధ్యక్షుడు బైడెన్ 2021 ఏప్రిల్ 24న అన్నారు. టర్కీ మాత్రం అనలేదు.

ఇది వట్టి పదం కోసం పంతమా? కాదంటారు వాళ్ళు. మన ఇంట్లో నగలు ఎత్తుకెళ్ళిన మనిషి "నేనేమీ తీయలేదు, అయినా పాతవన్నీ మరచిపోయి భోజనానికి రండి" అంటే మనకెలా ఉంటుంది? భోజనం మీద కోపం కాదు కదా!

అందుకే 2009 అక్టోబరులో ఆర్మేనియా, టర్కీ ప్రభుత్వాలు జ్యూరిక్‌లో ఒప్పందాలపై సంతకాలు చేసినప్పుడు బయట ఉన్న ఆర్మేనియన్లు సంతోషించలేదు. చరిత్రను పరిశీలించే ఉపసంఘం అన్న షరతు అందులో ఉంది మరి. అంతకుముందే వాళ్ళకు నచ్చజెప్పడానికి పారిస్, లాస్ ఏంజెలిస్, బీరూట్ తిరిగిన ఆర్మేనియా అధ్యక్షుడికి నిరసనలే ఎదురయ్యాయి. ఆ ఒప్పందాలు అమలుకు రానేలేదు. 2018లో ఆర్మేనియా వాటిని రద్దు చేసుకుంది.

విషం దిగాలన్నవాడు

రెండో జవాబు చెప్పినవాడు హ్రాంత్ దింక్. ఆర్మేనియన్ అయినా టర్కీ వదిలి వెళ్ళలేదు. 1996లో ఇస్తాంబుల్‌లో 'ఆగోస్' పత్రిక పెట్టాడు. జరిగింది జాతి నిర్మూలనేనని ఆయనకూ అనుమానం లేదు. కానీ విదేశాల్లోని తనవాళ్ళకు ఒక చేదు మాట చెప్పాడు. టర్కుల మీద కోపం మన ఒంట్లో విషంలా పేరుకుపోయింది, దాన్ని దించుకుని ఆ శక్తిని ఆర్మేనియా కోసం వాడుకుందాం అన్నాడు. ఆర్మేనియన్లది గాయపడ్డ మనసు, టర్కులది అనుమానపు జబ్బు, ఒకరికి ఒకరే వైద్యులు అనేవాడు. ఆ మాటలు తమవాళ్ళలో కొందరికి రుచించలేదు. టర్కీలోనేమో వాటినే తలకిందులు చేసి, టర్కు జాతిని అవమానించాడని 2005లో శిక్ష వేశారు.

2007 జనవరి 19న తన పత్రికాఫీసు ముందే దింక్‌ను కాల్చి చంపారు. కాల్చినవాడికి 17 ఏళ్ళు. అంత్యక్రియల రోజున ఇస్తాంబుల్ వీధుల్లో లక్షమందికి పైగా నడిచారు. 'మేమంతా ఆర్మేనియన్లమే' అన్న అట్టలు పట్టుకున్నవారిలో ఎక్కువమంది టర్కులే! భర్త శవపేటిక పక్కన నిలబడ్డ రకెల్ దింక్ ఆ కుర్రవాడిని శపించలేదు. ఒక పసివాణ్ణి హంతకుడిగా మార్చిన చీకటిని ప్రశ్నించమని జనాన్ని కోరింది. తర్వాతి ఏడాది టర్కీ మేధావులు కొందరు క్షమాపణ ప్రకటన తెస్తే దాదాపు 30,000 మంది సంతకాలు పెట్టారు. విదేశాల్లోని ఆర్మేనియన్లలో కొందరు అది చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. 'మహావిపత్తు అన్నారేగానీ అసలు మాట అనలేదే' అని ఇంకొందరు నొచ్చుకున్నారు.

రొట్టెల్లో దాగిన రహస్యం

దింక్ కుటుంబం తరఫున కోర్టులో పోరాడిన లాయరు ఫెతియే చెతిన్. ఆమె కథ ఇంకా చిత్రం. టర్కు ముస్లిం కుటుంబంలో పెరిగిన ఆమెకు యువతిగా ఉన్నప్పుడు అమ్మమ్మ ఒక గుట్టు విప్పింది. తన పేరు సెహెర్ కాదనీ, హెరానుష్ అనీ. 1915 నడకలో ఒక పోలీసు తనను తల్లి చేతుల్లోంచి లాక్కుని గుర్రం మీద తీసుకుపోయి పెంచుకున్నాడనీ, తనవాళ్ళు అమెరికాలో ఉన్నారు, వెతికి పెట్టమనీ అడిగింది.

చిన్నప్పుడు కొందరు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఒక రోజున ప్రత్యేకంగా తీపి రొట్టెలు చేసి ఇంటికి వచ్చినవాళ్ళకు పెట్టేవారు. అది ఈస్టర్ రొట్టె అనీ, వాళ్ళంతా అమ్మమ్మలాంటివాళ్ళేననీ ఫెతియేకి అప్పుడర్థమైంది. పేరు పోయినా, మతం మారినా, వంటింట్లో ఆ ఒక్కటీ మిగిలింది!

2000లో అమ్మమ్మ పోయాక, అసలు పేరుతో ఫెతియే 'ఆగోస్'లో ప్రకటన వేయించింది. అది చేతులు మారి అమెరికాలోని బంధువులకు చేరింది. ఆమె అక్కడికి వెళ్ళి అమ్మమ్మ చెల్లెల్ని కలుసుకుంది. అమ్మమ్మ తల్లిదండ్రుల సమాధి మీద పూలుంచి, జరిగిన దానికి క్షమించమని వేడుకుంది. ఏ ప్రభుత్వమూ అడగని క్షమాపణ ఒక మనవరాలు అడిగింది. ఆమె రాసిన పుస్తకం 2004లో వచ్చాక, టర్కీలో ఎన్నో ఇళ్ళలో 'మా అమ్మమ్మ కూడా...' అన్న గుసగుసలు మొదలయ్యాయి.

సరిహద్దు పక్కన ఉన్నవాళ్ళు

మూడో జవాబు ఆర్మేనియాలో ఉన్నవారిది. టర్కీతో వాళ్ళ సరిహద్దు 1993లో మూతపడింది. దూరాన ఉన్నవాళ్ళు ఎన్ని చెప్పినా, పక్కింటివాడితో మాట్లాడకుండా బతుకు గడిచేదెలా అని వాళ్ళ బాధ. 2023 ఫిబ్రవరిలో టర్కీలో భూకంపం వచ్చినప్పుడు, మూసిన ఆ సరిహద్దు దాటి ఆర్మేనియా సాయం లారీల్లో వెళ్ళింది. కానీ అదే ఏడాది సెప్టెంబరులో నగోర్నో కరబాఖ్ నుంచి లక్షమందికి పైగా ఆర్మేనియన్లు కట్టుబట్టలతో వచ్చేశారు. ఆ పోరులో టర్కీ అజర్‌బైజాన్ పక్షాన నిలిచింది. 'చూశారా, మేమన్నదే నిజమైంది' అన్నారు రాజీ వద్దనేవారు. 'అందుకే త్వరగా మాట్లాడుకోవాలి' అన్నారు కావాలనేవారు.

మరి ఎవరిది న్యాయం? చంపినవారూ పోయారు, చనిపోయినవారూ పోయారు. అమ్మమ్మ పడ్డ కష్టానికి అమ్మమ్మే క్షమించాలి. ఆమె తరఫున ఆ మాట అనే హక్కు మనవరాలికి ఉందా? ఈ ప్రశ్న దగ్గరే చాలామంది ఆర్మేనియన్ ఆడవాళ్ళు ఆగిపోతారు. ఇప్పటి టర్కు పిల్లలు నేరస్థులని వాళ్ళలో చాలామంది అనుకోరు. తాతలు చేసిన దాన్ని కాదని బుకాయించకుండా ఉంటే చాలంటారు.

2010లో మొదటిసారి ఇస్తాంబుల్ తక్సిమ్ కూడలిలో ఏప్రిల్ 24న కొందరు టర్కులు చనిపోయినవారి ఫొటోలు పట్టుకుని కూర్చున్నారు. 2022లో ఆ సభకు అనుమతి రాలేదు. అయినా, నూరేళ్ళు నోరు విప్పని ఇళ్ళలో ఇప్పుడు హెరానుష్ పేరు పైకి పలుకుతున్నారు. క్షమించడమా, మానడమా అన్నది తర్వాతి సంగతి. ముందు అమ్మమ్మను ఆమె అసలు పేరుతో పిలవనివ్వండి అంటున్నారు ఆ మనవరాళ్ళు.