రెండు స్పీకర్లా, ఆరు స్పీకర్లా?

మాది బదిలీల కుటుంబం. పదేళ్లలో అయిదు ఊళ్లు, అయిదు క్వార్టర్లు మారాం. ప్రతిచోటికీ మా సామానుతోపాటు ఒక పాత క్యాసెట్టు వచ్చేది. అందులో మా నాన్నగారు చదివిన పద్యాలున్నాయి. ఆయన ఇప్పుడు లేరు. టేపురికార్డరు పాడయ్యేలోపు ఆ పద్యాలను ఫోనులోకి ఎక్కించుకున్నాం. చుట్టూ తెలుగు వినిపించని ఊళ్లలో మా పాపకు తెలుగు ఎక్కువగా చెవి ద్వారానే అందాలి. కానీ టీవీ వెనుకవైపు ఉండే చిన్న స్పీకర్లలో ఆ గొంతు ముద్దముద్దగా వినిపించేది.

మంచి పరికరం కొందామని దుకాణానికి వెళ్లాం. ఇంచుమించు ఒకే ధరకు రెండు కనిపించాయి: హోమ్ థియేటర్ రిసీవర్, స్టీరియో ఆంప్లిఫయర్. ఏది తీసుకోవాలి?

ముందుగా వాటి పని తెలుసుకుందాం. ఫోను, టీవీల నుంచి వచ్చే విద్యుత్ సంకేతం చాలా బలహీనమైనది. స్పీకరును కదిలించేంతగా దాన్ని పెంచేదే ఆంప్లిఫయర్. స్టీరియోలో ఈ పని కుడి, ఎడమ అనే రెండు చానళ్లలో జరుగుతుంది. రెండు స్పీకర్లకూ సమాన దూరంలో కూర్చుంటే గాయకుడి గొంతు సరిగ్గా మధ్య నుంచి వస్తున్నట్లు ఉంటుంది. నిజానికి అక్కడ స్పీకరే ఉండదు! ఇంగ్లండుకు చెందిన ఇంజనీరు అలన్ బ్లమ్లైన్ ఈ స్టీరియో పద్ధతి పేటెంటుకు 1931లోనే దరఖాస్తు చేశారు.

హోమ్ థియేటర్ రిసీవర్ ఇంకా ఎక్కువ పనులు చేస్తుంది. డాల్బీ, డీటీఎస్ సంకేతాలను విడదీసి 5.1 పద్ధతిలో ఆరు స్పీకర్లకు పంచుతుంది. ముందు మూడు, పక్కల రెండు, గంభీరమైన శబ్దాలకు ఒక సబ్‌వూఫర్. సినిమా సంభాషణలు ఎక్కువగా మధ్య స్పీకరు నుంచి వస్తాయి. అందువల్ల గదిలో ఒక పక్కకు కూర్చున్నవారికి కూడా మాట తెర నుంచే వస్తున్నట్లు ఉంటుంది.

మరి ధర ఒకటే ఎందుకు? రిసీవరులో ఆ డబ్బు అయిదారు ఆంప్లిఫయర్లకు, డీకోడరుకు, వీడియో సాకెట్లకు పంచిపెట్టబడుతుంది. స్టీరియోలో రెండు చానళ్లకే ఖర్చవుతుంది. వాట్ల దగ్గర కూడా జాగ్రత్త అవసరం. పెట్టెమీద పెద్ద అంకె ఉన్నా, అది రెండు చానళ్లు మాత్రమే పనిచేసినప్పటి లెక్క కావచ్చు. పైగా వాట్లు రెట్టింపైతే ధ్వని పెరిగేది 3 డెసిబెల్సే. చిన్న గదికి వాట్ల కంటే మంచి స్పీకర్లు ముఖ్యం.

అన్నిటికంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న: మనం వినేది ఏమిటి? 1957లో వచ్చిన ‘మాయాబజార్’ ధ్వని మోనో, అంటే ఒకే చానల్. రంగుల్లోకి మార్చి 2010లో విడుదల చేసినప్పుడు దాని ధ్వనిని ప్రత్యేకంగా బహుళ చానళ్లకు మార్చవలసి వచ్చింది. మా నాన్నగారి క్యాసెట్టూ ఒక్క మైకుతో చేసినదే. మూలంలో లేనిదాన్ని ఆరు స్పీకర్లు పెట్టినా తెచ్చుకోలేం.

అందుకే మేము స్టీరియో ఆంప్లిఫయరే తీసుకుని, మిగిలిన డబ్బు రెండు మంచి స్పీకర్లకు పెట్టాం. క్వార్టరు గోడలకు మేకులు కొట్టే పని తప్పింది. రేపు బదిలీ అయితే రెండు అట్టపెట్టెల్లో సర్దుకోవచ్చు. టీవీకి కలిపే సాకెట్టు ఉందో లేదో మాత్రం కొనేముందే చూసుకున్నాం.

సొంత ఇల్లు, పెద్ద గది ఉండి, ఇంటిల్లిపాదీ కలిసి కొత్త సినిమాలు చూసేవారికి రిసీవరే సరైనది. ఇప్పుడు రెండు స్పీకర్లతో మొదలుపెట్టి, తక్కినవి తరువాత చేర్చుకోవచ్చు కూడా.

మొదటిరోజు సాయంత్రం పద్యాలు పెట్టాం. పాప రెండుసార్లు విని, “తాతయ్య ‘వేల’ అనట్లేదు, ‘వేళ’ అంటున్నారు” అంది. ఆ ఒక్క అక్షరం కోసమే మేము దుకాణానికి వెళ్లింది.