మూడు లీటర్ల ఊపిరి

ముక్కుకు క్లిప్పు, నోట్లో గొట్టం. గుండెల నిండా గాలి పీల్చి ఒక్క పెట్టున బయటికి ఊదాలి. "ఊదు, ఊదు, ఊదు... ఇంకా, ఇంకా... ఆపకు" అని టెక్నీషియన్ పక్కన నిలబడి కేకలేస్తుంటాడు. ఆరు సెకన్లే కదా అనుకుంటాం. నాలుగో సెకనుకే మెడ నరాలు ఉబ్బుతాయి, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. అలా మూడుసార్లు సరిగ్గా ఊదితే అందులో మేలైనదాన్ని లెక్కలోకి తీసుకుంటారు. ఈ పరీక్ష పేరు స్పైరోమెట్రీ. సింగరేణి బొగ్గు గనుల రామగుండం-3 ఏరియాలో, సెంటినరీ కాలనీ క్వార్టర్లలో బతికే గని కార్మికుడికి పీఎంఈ అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. గని నిబంధనల ప్రకారం ఐదేళ్లకు మించకుండా జరగాల్సిన వైద్య పరీక్ష అది. ఛాతీ ఎక్స్‌రే ఒకటి చెబితే, ఈ ఊదుడు మరొకటి చెబుతుంది. ఎక్స్‌రేలో మచ్చ కనబడుతుంది. ఆ మచ్చ వల్ల మనిషి పనికి ఎంత దమ్ము మిగిలిందో తేల్చేది ఊదుడే.

అయితే అసలు తీర్పు సగం ఊదకముందే రాసి ఉంటుంది. టెక్నీషియన్ ముందుగా వయసు, ఎత్తు, ఆడా మగా అన్నది నింపుతాడు. చాలా యంత్రాల్లో ఆ పక్కనే ఇంకో గడి ఉంటుంది: ఏ జాతి? ఆ గడిలో ఏది నొక్కితే దాన్నిబట్టి 'ఇతను ఇంత ఊదాలి' అన్న అంకె తయారవుతుంది.

ఉదాహరణకు ఒక డంపర్ ఆపరేటర్ మూడు లీటర్లు ఊదాడనుకుందాం. తెల్లవాళ్ల కొలతతో అతని ఎత్తుకూ వయసుకూ రావలసింది నాలుగు లీటర్లు. అంటే 75 శాతం. లోపం ఉంది, చూడండి అంటుంది కాగితం. ఇప్పుడు 'ఏషియన్' అని నొక్కి, పాత అలవాటు ప్రకారం పది శాతం కోత పెడితే రావలసింది 3.6 లీటర్లే. అదే మూడు లీటర్లు 83 శాతమైపోతాయి. ఊపిరీ మనిషీ అవే. ఒక మీట తేడాతో జబ్బు కాగితం మీద నుంచి మాయమవుతుంది.

ఈ కోత ఎక్కడిది? స్పైరోమీటర్‌ను 1840లలో లండన్ వైద్యుడు జాన్ హచిన్సన్ రూపొందించాడు. రెండు వేలమందికి పైగా ఊదించి, ఎత్తు పెరిగేకొద్దీ ఊపిరి పెరుగుతుందని చూపాడు. అక్కడిదాకా బాగానే ఉంది. అమెరికా అంతర్యుద్ధం ముగిశాక 1869లో బెంజమిన్ గూల్డ్ సైనికుల కొలతలు అచ్చువేస్తూ నల్లవాళ్ల ఊపిరి తెల్లవాళ్లకన్నా తక్కువని రాశాడు. బానిసత్వం నుంచి అప్పుడప్పుడే బయటపడ్డ మనుషులు ఏం తిన్నారు, ఎక్కడ పడుకున్నారు అన్న ఆరా అందులో లేదు. తేడా ఒంట్లోనే పుట్టిందన్న నమ్మకం అక్కణ్నుంచి పాఠ్యపుస్తకాల్లోకీ యంత్రాల్లోకీ పాకింది. ఎంతదాకా పోయిందంటే, 1999లో ఆస్‌బెస్టాస్ పరిహారం కేసుల్లో ఓవెన్స్ కార్నింగ్ అనే కంపెనీ, నల్లజాతి కార్మికులు తెల్లవాళ్లకన్నా ఎక్కువగా ఊపిరి కోల్పోయినట్టు రుజువైతేనే కేసు నడవాలని బాల్టిమోర్ కోర్టులో వాదించింది.

మరి జన్యువుల పాత్ర ఏమీ లేదా? ఉంది. ఊపిరితిత్తుల సామర్థ్యంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో చెప్పుకోదగ్గ భాగం వంశం నుంచి వచ్చేదే. 2023లో లెస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకుల బృందం 'నేచర్ జెనెటిక్స్'లో ప్రచురించిన అధ్యయనం 5,88,452 మంది జన్యుపటాలను జల్లించి, ఊపిరితో ముడిపడ్డ 1,020 సంకేతాలను పట్టుకుంది. హెచ్‌హెచ్‌ఐపీ వంటి జన్యువులు తల్లి కడుపులోనే శ్వాసనాళాలు కొమ్మలు వేసే తీరును ప్రభావితం చేస్తాయి. ఒక్కో సంకేతం మార్చేది చాలా కొంచెమే. వందలు కలిస్తేనే తేడా తెలుస్తుంది.

అందులో మనవాళ్లు ఎందరు? యూరప్ మూలాలవారు 4,68,062. దక్షిణాసియావారు 11,853. నూటికి ఇద్దరు! తెల్లవాళ్ల మీద తయారైన జన్యు స్కోరు మనదాకా వచ్చేసరికి గురి తప్పుతుందంటే ఆశ్చర్యం ఎందుకు? పైగా 'దక్షిణాసియా' అనే పెట్టెలో ఎవరెవరిని వేస్తాం? హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన లాల్జీ సింగ్, తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ తదితరులు 2009లో 'నేచర్'లో ఒక విషయం తేల్చారు. తరతరాలుగా ఎవరి కులంలో వారే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల, మన దేశంలో ఒక సమూహానికీ మరో సమూహానికీ మధ్య జన్యు తేడాలు యూరప్‌లో కనిపించేవాటికన్నా ఎక్కువ. మన వైశ్యుల్లో అయితే ఈ కట్టడి వంద తరాలకు పైబడినదని కూడా ఆ పరిశోధన సూచించింది. కరీంనగర్ పల్లె నుంచి వచ్చినవాళ్లూ, ఆదిలాబాద్ గోండులూ, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లూ ఒకే గని మీద మస్టర్ పడే బొగ్గు బెల్టులో, వాళ్లందరికీ కలిపి 'ఇండియన్' అని ఒక్క మీట నొక్కడం సైన్సు ఎట్లా అవుతుందో నాకు అర్థం కాదు.

రక్తం సంగతి పక్కన పెట్టి పెంపకం చూద్దాం. బెంగళూరు నగరంలో, దాని శివారులో, చుట్టుపక్కల పల్లెల్లో బడిపిల్లల ఊపిరిని కొలిచిన సమతా సొన్నప్ప బృందం 2015లో ఫలితాలు ప్రచురించింది. నగరం పిల్లల ఊపిరి బ్రిటన్‌లో పెరిగే భారతీయ సంతతి పిల్లల ఊపిరికి దీటుగా ఉంది. పల్లె పిల్లలది తగ్గింది. మూలాలు ఒకటే, తేడా మాత్రం కొట్టొచ్చినట్టుంది. తిండి, తల్లి ఆరోగ్యం, పుట్టినప్పటి బరువు, కట్టెల పొయ్యి పొగ... వీటన్నిటినీ మనం 'జాతి' ఖాతాలో రాసేసి చేతులు దులుపుకుంటున్నాం. కాలనీ చుట్టూ ఓపెన్‌కాస్టులు, అవతల రామగుండం ఎన్‌టీపీసీ చిమ్నీలు. ఇక్కడి తక్కువ ఊపిరిలో దుబ్బ వాటా ఎంత, తాతముత్తాతల వాటా ఎంత అని కోత పెట్టిన అంకె ఎన్నటికీ చెప్పదు. రెంటినీ అది ముందే కలిపేసింది.

ఈ చిక్కు అన్ని జబ్బులకూ ఒకేలా ఉండదు. మొదటి సెకనులో వచ్చే గాలికీ మొత్తం గాలికీ ఉండే నిష్పత్తి ప్రజలను బట్టి పెద్దగా మారదు. నాళాలు మూసుకుపోయే జబ్బు అందులో దొరికిపోతుంది. బొగ్గు, రాతి దుమ్ము పేరుకుని ఊపిరితిత్తి గట్టిపడి కుంచించుకుపోతే మాత్రం నిష్పత్తి మామూలుగానే ఉండి, మొత్తం గాలి తగ్గుతుంది. అప్పుడు 'ఎంత ఉండాలి' అన్న అంకె మీదే అంతా ఆధారపడుతుంది. అంటే గనివాడికి ఎక్కడ ఎక్కువ అవసరమో అక్కడే కొలత తడబడుతోంది.

ప్రపంచం దారి మార్చుకుంటోంది. 2012 నాటి గ్లోబల్ లంగ్ ఫంక్షన్ ఇనీషియేటివ్ కొలతల్లో భారత ఉపఖండానికి సొంత గడే లేదు. 2023లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ జాతి గడిని తీసేసి అందరికీ ఒకే సమీకరణం వాడమంది. మరుసటి ఏడు ఒక అధ్యయనం ఈ మార్పుతో నల్లజాతి మాజీ సైనికుల వైకల్య పరిహారం పెరుగుతుందనీ, తెల్లవారిది కొంత తగ్గుతుందనీ లెక్కగట్టింది.

ఆ ఒకే కొలతను రేపే ఇక్కడికి తెచ్చి పెట్టేస్తే సరిపోతుందా అంటే, తొందరపడకండి. సింగరేణిలో ఊపిరి అంకెకు రెండు ముఖాలు. కొలువులో చేరే కుర్రాడికి అది ఎక్కువుండాలి. తక్కువ చూపితే గేటు దగ్గరే ఆగిపోతాడు. పాతికేళ్లు దుమ్ములో పనిచేసి, కొత్తగూడెం మెయిన్ హాస్పిటల్ మెడికల్ బోర్డు ముందుకెళ్లే తండ్రికి జరిగిన నష్టం ఉన్నదున్నట్టు కనబడాలి. అతను అన్‌ఫిట్ అయితే కొడుక్కి కారుణ్య నియామకం సంగతి కూడా అందులో ఉంది మరి. ఒకరికి మేలు చేసే గీత మరొకరి మెడకు చుట్టుకుంటుంది.

నా మట్టుకు దీనికి జవాబు లండన్‌లోనో లెస్టర్‌లోనో లేదు. కొలువులో చేరిన రోజు అతను ఊదిన అంకె ఉంది కదా, దానితోనే పోల్చాలి. వయసుతో పాటు ఆరోగ్యవంతుడికైనా మొదటి సెకను గాలి ఏడాదికి దాదాపు 25–30 మిల్లీలీటర్లు తగ్గుతుంది. అంతకు రెండింతలు, మూడింతలు వరసగా తగ్గుతూ పోతుంటే, మిగిలింది 'మామూలు' గీతకు పైనే ఉన్నా సరే, అతన్ని దుమ్ము తక్కువున్న పనికి మార్చాల్సిందే. నాలుగున్నర లీటర్లతో వచ్చినవాడు మూడున్నరకు దిగినా ఫిట్ అని రాయించుకోగలడు. పోయిన లీటరు ఏ శాతంలోనూ కనబడదు. ఈ పద్ధతికి జాతి గడితో పని లేదు, జన్యుపటంతోనూ పని లేదు. ప్రతిసారీ ఒకే తీరుగా ఊదించే ఓపికా, పాత కాగితం తీసి పక్కన పెట్టుకునే అలవాటూ చాలు.

పర్మినెంట్ కార్మికుడికి ఆ కాగితాలు ఏరియా ఆస్పత్రిలో ఒక్కచోట దొరుకుతాయి. చిక్కంతా ఓబీ (బొగ్గు మీది మట్టి తొలగించే) కాంట్రాక్టుల్లో టిప్పర్లు తోలేవాళ్లతో. గని నిబంధనలు వాళ్లకూ వర్తిస్తాయి, పరీక్షా వాళ్లకూ ఉంది. కానీ కాంట్రాక్టర్ మారినప్పుడు, ఇవాళ ఓసీ-2 దగ్గర ఉన్నవాడు రేపు ఇంకో జిల్లా గనికి పోయినప్పుడు, మొదటిసారి ఊదిన అంకె అతని వెంట పోవాలి. పీఎఫ్ ఖాతాకు ఒక నంబరిచ్చి ఎక్కడికి పోయినా వెంట నడిచేలా చేసుకున్నాం. ఊపిరి ఖాతాకూ అదే నంబరు సరిపోతుంది.