పటముల పుస్తకమునకు కాగితపు తోరణము

పెండ్లి శుభలేఖలను చిత్తుకాగితములలో బడవేయకుడు. వాని రంగుటంచులను మామిడాకులుగా గత్తిరించినచో పటముల పుస్తకమునకు జక్కని తోరణమగును. అచ్చుతో గోసిన పూవులు అంగడిలో దొరకును గాని, పుటకు రెండుమూడు చాలును. మించినచో చూపు పటముపై నిలువదు.

మా మార్కాపురపు పలక యిందు మిక్కిలి తోడు. పుట కొలతను బలపముతో దానిపై గీచి, పటము నొక ప్రక్కకు జరిపి, పూవుల నమర్చి చూచిన పిదపనే జిగురు ముట్టుదుము. పలకపై గీత చెరుపవచ్చును. అంటిన పటమును ఊడదీయ వలనుపడదు.

మా అత్తగారి పటమొక్కటియే యుండెను. దాని వెనుక మైదాజిగురు పూసితిమి. వానకాలమున జిగురుకై వచ్చిన పురుగులు ముఖమును దినివేసినవి. నాటినుండి పటమునకు జిగురు తగులనీయము. కాగితమును త్రికోణముగా మడచి, నాలుగు మూలలకు సంచులవలె నంటించి, వానిలో పటమును దూర్చుచున్నాము.

అత్తగారి పుట నుండి తోరణము మాత్రము తీయలేదు.