బెల్లం, ఉలవలు, 240 కిలోలు

బెల్లం తింటే బలమొస్తుందని అనకాపల్లి వాళ్లకి ఒకరు చెప్పాలా? కాని బెల్లంలో ఉన్నది ముఖ్యంగా చక్కెరే. కసరత్తుకి సత్తువనిస్తుంది, కండ కట్టదు. (బెల్లం మార్కెట్టు పెద్దలు మన్నించాలి!) కండ కట్టేవి మాంసకృత్తులు. బరువులెత్తేవారికి ఒంటి బరువు కిలోకి రోజుకు ఒకటిన్నర గ్రాములైనా కావాలి. అంటే 60 కిలోల కుర్రాడికి 90 గ్రాములు. గుడ్డులో 6 ఉంటాయి, వంద గ్రాముల ఉలవల్లో 20 పైచిలుకు. హాస్టలు సాంబారులో పప్పు వెదుక్కునేవాళ్లు వేలు పోసి పౌడరు డబ్బాలు కొనేకన్నా ఉడికించిన ఉలవలు తినడం నయం.

ఇక సాధన. బార్‌ని ఒక్క ఊపులో తలపైకి లేపితే స్నాచ్. భుజాల దాకా తెచ్చి ఆపై నెడితే క్లీన్ అండ్ జెర్క్. రెండింటిలోనూ చేతులకన్నా తొడలూ నడుమూ చేసే పనే ఎక్కువ. అద్దం ముందు చేతి కండలు చూసుకునే మిత్రులు గమనించగలరు.

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి 54 కిలోల తరగతిలో 1994, 1995లలో ప్రపంచ విజేత. అయితే ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి ఈ పోటీయే లేదు! అది వచ్చింది 2000లో, సిడ్నీలో. లేని పోటీకోసం అన్నేళ్లు ఇనుము మొయ్యడం మాటలా? సెప్టెంబరు 19న, 69 కిలోల తరగతిలో, 110, 130 వెరసి 240 కిలోలెత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారత మహిళ ఆవిడే. స్వర్ణం, రజతం రెండూ 242.5కే వెళ్లాయి. ఆఖరి విడతలో ఆవిడ అడిగింది 137.5. నిలిస్తే స్వర్ణమే, నిలవలేదు. అత్యాశ అన్నవాళ్లున్నారు. నాకు మాత్రం అలా తోచదు.