సున్నం పెట్టని గోడలు: వెర్నాజ్జా కొండదారి

ఇటలీ వెళ్ళే మన తెలుగు కుటుంబాల ప్రయాణాలన్నీ దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. రోమ్‌లో మూడు రోజులు, ఫ్లోరెన్సులో రెండు, వెనిస్‌లో ఒకటిన్నర, మధ్యలో పీసాలో దిగి ఒరిగిన గోపురాన్ని అరచేత్తో ఆపుతున్నట్టు ఓ ఫొటో. ఈమధ్య ఈ జాబితాలో ఇంకో పేరు చేరింది: చింక్వె తెర్రె. రంగురంగుల ఇళ్ళు, కింద నీలం సముద్రం, వెనక ఆకుపచ్చ కొండ. ఆ బొమ్మ మీరు క్యాలెండర్ల మీదో, కంప్యూటరు తెర మీదో చూసే ఉంటారు. మన వాళ్ళు చాలామంది పొద్దున రైల్లో దిగి, ఐదు ఊళ్ళలోనూ ఐదు ఫొటోలు తీసుకుని, సాయంత్రానికి వెనక్కి వచ్చేస్తారు. తప్పేం లేదు. కానీ ఆ ఆకుపచ్చ కొండ సంగతి తెలుసుకుని వెళితే అదే ఊరు వేరేగా కనిపిస్తుంది. ఈ వ్యాసం దాని గురించే.

ముందు భూగోళం. ఇటలీ వాయవ్యాన లిగూరియా అనే రాష్ట్రం ఉంది. జెనోవా నుంచి లా స్పెత్సియా దాకా కొండలు నేరుగా సముద్రంలోకి దిగిపోతాయి. ఆ కొండల సందుల్లో ఇరుక్కున్న ఐదు ఊళ్ళు, లా స్పెత్సియా వైపు నుంచి వరసగా, రియోమజ్జోరె, మనరోలా, కొర్నీలియా, వెర్నాజ్జా, మొంతెరొస్సో. చింక్వె తెర్రె అంటే మాటకు మాట 'ఐదు నేలలు'. 1997లో యునెస్కో ఈ తీరాన్ని ప్రపంచ వారసత్వ ప్రాంతంగా గుర్తించింది. 1999లో జాతీయ వనం అయింది. పేరుకి వనమే గానీ, నిజానికి ఇది మనిషి చేత్తో చేసిన కొండ.

ఐదింటిలో నాకు నచ్చింది వెర్నాజ్జా. స్టేషన్ నుంచి రేవు దాకా ఒకటే వీధి. అటూ ఇటూ గులాబీ, పసుపు, కావి రంగుల ఇళ్ళు. చివర చిన్న సహజమైన రేవు, నీళ్ళ అంచునే పద్నాలుగో శతాబ్దపు సాంత మార్గెరీతా చర్చి, పైన పాత కోట గుండ్రటి బురుజు. పడవలు వీధిలోకి లాగి పెట్టుకుంటారు. ఐదు నిమిషాల్లో ఊరంతా అయిపోతుంది. అప్పుడు తల ఎత్తి చూడాలి. ఊరి వెనక కొండ మొత్తం మెట్లు మెట్లుగా ఉంటుంది. ఒక్కో మెట్టు ఒక చిన్న చేను. మెట్టుకీ మెట్టుకీ మధ్య రాతి గోడ. ద్రాక్ష, ఆలివ్, అక్కడక్కడా నిమ్మ.

ఇక్కడ చదును నేల అనేదే లేదు. సుమారు వెయ్యేళ్ళ కిందట నుంచి జనం కొండ వాలుని తవ్వి, తవ్వినప్పుడు వచ్చిన రాళ్ళతోనే గోడ పేర్చి, వెనక మట్టి నింపి, మూరెడు మూరెడు నేల తయారు చేసుకున్నారు. గోడల్లో సున్నం లేదు, సిమెంటు లేదు. ఇటాలియన్‌లో వీటిని 'మురెత్తి ఆ సెక్కో' అంటారు, అంటే పొడి గోడలు. ఈ విద్యని 2018లో యునెస్కో ఇటలీతో పాటు మరో ఏడు దేశాల ఉమ్మడి సంపదగా మళ్ళీ విడిగా గుర్తించింది.

సిమెంటు లేని గోడ అంటే పేదవాడి గోడ అనుకుంటాం. ఇంజనీరింగు చదివిన వాళ్ళకి దీని తెలివి వెంటనే అర్థమవుతుంది. కొండ వాలు మీద గోడకి అసలు శత్రువు మట్టి కాదు, నీళ్ళు. వానకి తడిసిన మట్టి బరువెక్కుతుంది. దాని మీద గోడ వెనక నీళ్ళు నిలిచాయంటే ఆ నీటి తోపు లోతుతో పాటు పెరుగుతుంది. రెండు మీటర్ల గోడ వెనక నిండా నీళ్ళు నిలిస్తే అడుగున చదరపు మీటరుకి రెండు టన్నుల ఒత్తిడి. సిమెంటుతో మూసేసిన గోడ ఆ నీటిని పట్టి ఉంచుతుంది, పట్టలేని రోజున ఒక్కసారిగా పగులుతుంది. రాళ్ళు పేర్చిన గోడకి ఒళ్ళంతా సందులే. అడుగున పెద్ద రాళ్ళు, పైకి పోయే కొద్దీ చిన్నవి. గోడని కొద్దిగా కొండ వైపుకి వాల్చి కడతారు. వెనక చిన్న రాళ్ళ పొర, దాని వెనక మట్టి. నీళ్ళు మెల్లగా వడకట్టుకుంటూ పై మెట్టు నుంచి కింది మెట్టుకి దిగిపోతాయి. అమెరికాలో మన ఇళ్ళ వెనక కట్టే రిటైనింగ్ వాల్‌కి అడుగున చిన్న చిన్న గొట్టాలు పెడతారు చూశారా, అవి చేసే పని ఇక్కడ గోడ మొత్తం చేస్తుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. ఈ గోడ కట్టి వదిలేసేది కాదు. ఏటా ఎక్కడో ఒక రాయి జారుతుంది, పొట్ట ఉబ్బుతుంది. జారిన రాయిని వెంటనే ఎత్తి పెట్టకపోతే మరుసటి వానకి అక్కడ గండి పడుతుంది. ఆ మట్టి కింది గోడ మీద పడుతుంది, అది దాని కింది దాని మీద. మా సాఫ్ట్‌వేర్ వృత్తిలో ఈ సంగతి బాగా తెలుసు. కొత్త ఫీచరు రాసినవాడికి చప్పట్లు, పాత కోడు పడిపోకుండా కాచుకున్నవాడి పేరు ఎవరికీ తెలీదు. వాడు ఉద్యోగం మానేశాక ఆరు నెలలకి తెలుస్తుంది.

ఇక్కడా సరిగ్గా అదే జరిగింది. 1869లో లా స్పెత్సియాలో నౌకాదళం వాళ్ళ పెద్ద కార్ఖానా మొదలైంది. 1874 నాటికి జెనోవా, లా స్పెత్సియాల మధ్య రైలు మార్గం పూర్తయింది. అంతకు ముందు ఈ ఊళ్ళకి పడవ మీదో, కంచరగాడిదల దారినో రావాలి. రైలు రావడంతో మగవాళ్ళు కార్ఖానా పనికి వెళ్ళడం మొదలుపెట్టారు. నెల జీతం, ఆదివారం సెలవు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పిల్లలు చదువులకి, పరిశ్రమలకి వెళ్ళి అటే ఉండిపోయారు. బుట్ట భుజాన వేసుకుని రెండు మూడు వందల మెట్లు ఎక్కి దిగే వ్యవసాయం ఎవరు చేస్తారు? ఊళ్ళు ఖాళీ కాలేదు గానీ చేలు ఖాళీ అయ్యాయి. తర్వాత పర్యాటకులు వచ్చారు. ద్రాక్ష కోసే కంటే గది అద్దెకివ్వడం లాభం. ఎవరిని తప్పుపట్టగలం? జీతం కోసం ఊరు దాటినవాళ్ళ గురించి అమెరికాలో కూర్చుని ఈ పత్రిక చదివే మనం ఏం మాట్లాడగలం?

2011 అక్టోబరు 25న దాని ఖరీదు కొంత తెలిసింది. ఆ రోజు కొన్ని గంటల్లోనే విపరీతమైన వాన కురిసింది. వెర్నాజ్జా ప్రధాన వీధి కిందనే ఒక వాగు పోతుంది, దాని మీద కప్పు వేసి వీధి చేసుకున్నారు. కొండ మీద నుంచి మట్టి, రాళ్ళు, చెట్లు కొట్టుకొచ్చి ఆ వాగు నోరు మూసుకుపోయింది. నీళ్ళు వీధిలోకి ఎక్కాయి. నీళ్ళు తీశాక మిగిలిన బురద సుమారు నాలుగు మీటర్ల ఎత్తు. దుకాణాలన్నీ కప్పు దాకా పూడిపోయాయి. వెర్నాజ్జాలో ముగ్గురు, మొంతెరొస్సోలో ఒకరు చనిపోయారు. ఆ తర్వాత భూగర్భ శాస్త్రజ్ఞులు కొండ అంతా తిరిగి ఎక్కడెక్కడ జారిందో లెక్క చూశారు. సాగులో ఉన్న మెట్లు కూడా జారాయి. కానీ అందరికంటే ప్రమాదంగా తేలినవి ఈ కొద్ది దశాబ్దాల్లో వదిలేసిన మెట్లు. ఎప్పుడో వదిలేసి అడవి ఎక్కిన చోట చెట్ల వేళ్ళు మట్టిని కొంత పట్టుకున్నాయి. మనిషి వదిలేసి, అడవి ఇంకా చేరుకోని నేల ఎవరిదీ కాకుండా మధ్యలో ఉండిపోయింది. వాన అంత కురిస్తే గోడలు ఎంత బాగున్నా నష్టం తప్పదని చెప్పేవాళ్ళూ ఉన్నారు, అదీ నిజమే. కానీ నష్టం ఎంత అన్నది గోడల చేతిలోనే ఉంది.

మేము వెళ్ళినప్పుడు మా నాన్నగారు కూడా ఉన్నారు. మదనపల్లె దగ్గర పల్లెలో సేద్యం చేసిన మనిషి. ఆయనకి చర్చి, కోట, రంగుల ఇళ్ళు ఏవీ పట్టలేదు. దారి పక్కన ఒక గోడ దగ్గర ఆగి, చేత్తో తడిమి, "ఎవురు కట్నారో గానీ అతుకు మింద అతుకు పడనీలేదు చూడు నాయినా" అన్నారు. నిజమే, ప్రతి సందు మీదా పై వరస రాయి నడుము వచ్చేలా పేర్చారు. కాసేపటికి "ఇప్పుడివన్నీ ఎవురు చేస్తా ఉండారు?" అని అడిగారు. చాలావరకు వదిలేశారట నాన్నా అన్నాను. "మన చేను మాదిరే. కౌలుకిచ్చినంక గట్టెవురు చూస్తారు" అని నడక సాగించారు. చేలో ఏరిన రాళ్ళతో గట్టు వేసిన చేతులాయనవి. వివరించి చెప్పాల్సిన పని నాకు పడలేదు.

అయితే కథ అక్కడ ఆగలేదు. వరద తర్వాత ఊళ్ళో స్థిరపడ్డ కొందరు అమెరికన్ మహిళలు సేవ్ వెర్నాజ్జా అనే సంస్థ పెట్టి చందాలు పోగుచేశారు. వచ్చిన పర్యాటకుల చేత కూడా ఒక పూట గోడ పని చేయించారు. 2019లో యూరోపియన్ యూనియన్ నిధులతో స్టోన్‌వాల్స్‌ఫర్‌లైఫ్ అనే ప్రాజెక్టు మొదలై మనరోలా పైన కూలిన గోడలు తిరిగి కట్టడం, ఆ పని నేర్పడం చేపట్టింది. నేర్చుకున్నవాళ్ళలో వేరే దేశాల నుంచి వలస వచ్చినవాళ్ళూ ఉన్నారు. కొండ మీద అక్కడక్కడా సన్నటి ఇనప పట్టా, దాని మీద బొమ్మ రైలంత బండి కనిపిస్తాయి. అది పిల్లల ఆట కోసం కాదు, పంట దించే మోనోరైలు. నడుములు విరగకుండా సేద్యం చేయాలంటే అదే దిక్కు.

ఇక నడక సంగతి. ఊళ్ళని కలిపే సముద్రపు అంచు దారిలో ముఖ్యమైన రెండు భాగాలు వెర్నాజ్జాకి రెండు పక్కలా ఉన్నాయి. మొంతెరొస్సో నుంచి వెర్నాజ్జా మూడున్నర కిలోమీటర్లు. వినడానికి తక్కువే, కానీ రాతి మెట్లే మెట్లు, దాదాపు రెండు గంటలు పడుతుంది. దారి కొన్నిచోట్ల గోడ అంచునే, ఇద్దరు ఎదురైతే ఒకరు ఆగాలి. రద్దీ రోజుల్లో కొన్ని గంటల పాటు ఈ భాగాన్ని మొంతెరొస్సో వైపు నుంచే నడవాలనే నియమం కూడా ఈమధ్య పెట్టారు. వెర్నాజ్జా నుంచి కొర్నీలియా గంటన్నర. ఇది కొంచెం తేలిక, ఆలివ్ తోటల నీడ ఉంటుంది. కొర్నీలియా ఒక్కటే కొండ కొన మీద ఉన్న ఊరు. స్టేషన్‌కి దిగాలంటే మూడు వందల ఎనభై పైచిలుకు మెట్లు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని ఇక్కడ దిగే బస్సు ఎక్కించండి. రియోమజ్జోరె, మనరోలాల మధ్య ఉన్న 'ప్రేమ దారి' చదునుగా కిలోమీటరు లోపే ఉంటుంది. 2012లో రాళ్ళు పడి నలుగురు గాయపడ్డాక మూసేశారు, పన్నెండేళ్ళకి 2024లో తెరిచారు. దానికి టికెట్టు ముందే కొనుక్కోవాలి.

మిగతా భాగాలకీ టికెట్టు ఉంది. నడవడానికి కూడా డబ్బులేమిటని గొణిగే మన వాళ్ళని చూశాను. ఆ డబ్బుతోనే దారులు బాగు చేస్తారు కాబట్టి గొణక్కుండా ఇచ్చేయండి. చెప్పులతో, ముఖ్యంగా హవాయి చెప్పులతో దారి ఎక్కితే జరిమానా వేసే అధికారం ఉంది. వాన హెచ్చరిక ఉన్న రోజు దారులు మూసేస్తారు, కాబట్టి ఏ భాగం తెరిచి ఉందో ఆ రోజు పొద్దున స్టేషన్ కౌంటర్లో అడగడం మేలు. ఏప్రిల్, మే నెలలు మంచివి. జూలై, ఆగస్టుల్లో ఎండా, జనమూ రెండూ భరించలేం. కారు తేవద్దు. పెద్ద పెట్టెలు లా స్పెత్సియాలోనే వదిలేసి రండి, చక్రాల పెట్టెకి ఈ ఊళ్ళు సరిపడవు.

శాకాహారులకి తిండి ఇబ్బంది లేదు. పెస్టో అనే మాట దంచడం అనే అర్థమున్న క్రియ నుంచి వచ్చింది. తులసికి దగ్గర చుట్టమైన బేసిల్ ఆకు, వెల్లుల్లి, పైన్ గింజలు, ఉప్పు, ఆలివ్ నూనె వేసి రోట్లో నూరతారు. అంటే అచ్చంగా రోటి పచ్చడే, కాకపోతే మిరపకాయ లేదు, చీజ్ ఉంది. చీజ్‌లో రెన్నెట్ వాడతారు, ఆ పట్టింపు ఉన్నవాళ్ళు ముందే అడగండి. ఫరినాతా అనేది శనగపిండి, నీళ్ళు, నూనె కలిపి పెద్ద రాగి పళ్ళెంలో పొయ్యిలో కాల్చిన అట్టు. మా నాన్నగారు రెండుసార్లు పెట్టించుకున్నది అదొక్కటే. మొంతెరొస్సోలో అన్నిటిలోనూ ఆంచోవీ చేప వేస్తారు, చెప్పి మరీ తీయించుకోవాలి.

మొంతెరొస్సో నుంచి నడిచి వస్తే వెర్నాజ్జా మొదట పై నుంచి కనిపిస్తుంది, బురుజు, చర్చి, రేవు అన్నీ ఒక్క చూపులో. క్యాలెండరు ఫొటో అక్కడిదే. ఫొటో తీసుకున్నాక పక్కనున్న మెట్లని చూడండి. పాచి పట్టి నల్లబడినవి పాత గోడలు. రాళ్ళ రంగు ఇంకా తేటగా ఉన్నవి ఈమధ్య తిరిగి పేర్చినవి. వాటి మధ్య ముళ్ళపొదలు కప్పేసి, గోడ ఉబ్బి, రాళ్ళు కిందికి దొర్లి ఉన్న మెట్లు కూడా కనిపిస్తాయి. అవి ఇంకా ఎవరూ ముట్టుకోనివి.