పురుగుమందు లేని పంట - ఇంటిల్లిపాదికీ మేలు

పత్తికి, మిరపకు మందు కొట్టే రోజుల్లో ఆసుపత్రికి ఒకే రకం బాధితులు వస్తుంటారు. నోటి వెంట చొంగ, ఒళ్ళంతా చెమట, వాంతులు, కండరాలు అదరడం, ఊపిరి ఆడకపోవడం వారిలో చూస్తాము. మోనోక్రోటోఫాస్ వంటి మందులు నరాల పనిని అదుపులో ఉంచే ఒక ఎంజైమును అడ్డుకోవడమే ఇందుకు కారణం. ఈ విషం తాగితేనే కాదు, తడిసిన చొక్కా గుండా చర్మంలోకి కూడా దిగుతుంది. అట్రోపిన్ ఇంజెక్షన్లతో, అవసరమైతే వెంటిలేటరుతో ఎందరినో కాపాడవచ్చు. కాని ఆ డబ్బా అసలు ఇంటికే రాకపోతే? మందు లేకుండా పంట చేతికి వస్తుందా?

వస్తుందని మన పల్లెలే రుజువు చేశాయి.

పునుకుల చూపిన దారి

అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామంలో పత్తి, మిరప ప్రధాన పంటలు. మందుల అప్పులు, ఒంటికి సోకే విషం ఆ ఊరిని కుంగదీశాయి. సెక్యూర్ అనే స్వచ్ఛంద సంస్థ సహకారంతో మొదట కొద్దిమంది రైతులు రసాయన మందులు మానారు. ఖర్చు తగ్గి పంట నిలిచిందని చూశాక మిగతావారు ముందుకు వచ్చారు. మహిళా సంఘాలు పట్టుదలగా నిలబడ్డాయి. 2004 నాటికి ఊరంతా పురుగుమందులు మానివేసింది. తరువాత ప్రభుత్వ సంస్థ 'సెర్ప్' ఈ పద్ధతిని మహిళా సంఘాల ద్వారా ఎన్నో జిల్లాలకు తీసుకువెళ్ళింది.

పురుగును ఎలా అదుపు చేస్తారు?

రసాయన మందు పంటకు మేలు చేసే అక్షింతల పురుగు, సాలీడు వంటి వాటిని కూడా చంపుతుంది. అందుకే కొట్టేకొద్దీ పురుగు ఎక్కువవుతుంది. ఈ పద్ధతిలో పురుగు పుట్టక ముందే జాగ్రత్త పడతారు.

* వేసవిలో లోతుగా దున్నితే నేలలో దాగిన పురుగు కోశాలు బయటపడి ఎండకు చస్తాయి, పక్షులు తింటాయి.
* గట్ల మీద ఆముదం వేస్తే పొగాకు లద్దెపురుగు దానిమీదే గుడ్లు పెడుతుంది. ఆ ఆకులు తుంచి కాల్చివేయాలి. బంతి మొక్కలు శనగపచ్చ పురుగును ఆకర్షిస్తాయి.
* లింగాకర్షక బుట్టలు పెడితే పురుగు ఉధృతి ముందే తెలుస్తుంది. పక్షులు వాలడానికి చేనులో కర్రలు నాటాలి.
* 5 కిలోల వేపగింజల పొడిని 10 లీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కొంచెం సబ్బు కలిపి, మొత్తం 100 లీటర్లు చేసి సాయంత్రం చల్లాలి. వేపలోని అజాడిరక్టిన్ పురుగుకు తిండి సహించకుండా చేస్తుంది, ఎదుగుదలను ఆపుతుంది.

ప్రాణాలు నిలుస్తాయి

చేతికి అందే చోట విషం ఉంటే, క్షణికావేశంలో తీసుకున్న నిర్ణయం ప్రాణాంతకమవుతుంది. శ్రీలంక 1995లో మోనోక్రోటోఫాస్‌ను, 1998లో ఎండోసల్ఫాన్‌ను ఆపివేసింది. 2005 నాటికి అక్కడ ఆత్మహత్యల రేటు సగానికి తగ్గింది. వరి దిగుబడి మాత్రం తగ్గలేదని పరిశోధకులు గమనించారు. మన దేశంలో ఎండోసల్ఫాన్ 2011లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఆగింది.

ఇంట్లో మందు ఉంటే తాళం వేసి, పిల్లలకు, ఆహారానికి దూరంగా పెట్టండి. ఖాళీ డబ్బాల్లో నీళ్ళు, నూనె పోయకండి. ఎవరైనా దిగులుగా, మౌనంగా ఉంటే పక్కన కూర్చుని మాట్లాడండి. వెంటనే వైద్యుని వద్దకు తీసుకురండి.

మందు సోకితే

1. బాధితుని గాలి తగిలే చోటికి చేర్చండి. తడిసిన బట్టలు తీసి, సబ్బుతో ఒళ్ళు బాగా కడగండి. కడిగేవారు చేతులకు తొడుగులు వేసుకోవాలి.
2. వాంతి చేయించవద్దు. పాలు, నెయ్యి, చింతపండు రసం పట్టవద్దు.
3. స్పృహ లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి.
4. 108కి ఫోన్ చేయండి. మందు సీసాను కూడా వెంట తీసుకురండి. ఏ మందో తెలిస్తే చికిత్స త్వరగా మొదలవుతుంది. పారాక్వాట్ అనే కలుపు మందుకు విరుగుడు లేదు. అది కొంచెం మింగినా ఆలస్యం చేయకండి.

పొలమంతా ఒకేసారి మార్చనక్కరలేదు. ఈసారి అర ఎకరంలో మొదలుపెట్టి, ఖర్చును, దిగుబడిని రాసి పెట్టుకోండి. పక్క చేనుతో పోల్చి చూడండి. వేపగింజలు రాలే కాలంలో ఇప్పుడే ఏరి, నీడలో ఆరబెట్టి దాచుకుంటే పంట కాలానికి అక్కరకు వస్తాయి.