స్లాక్‌లోకే జిరా అప్‌డేట్స్.. ఇలా కనెక్ట్ చేసుకోండి.. ఈ తప్పు మాత్రం చేయొద్దు!

సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కారు. రాయదుర్గంలో దిగేలోపు టీమ్‌లో ఎవరి పని ఎక్కడిదాకా వచ్చిందో తెలియాలి. ఫోన్‌లో స్లాక్ చూస్తే చాటింగ్ కనిపిస్తుంది కానీ, బగ్ ఫిక్స్ అయ్యిందా లేదా అన్నది జిరాలో ఉంటుంది. ఈ రెండింటినీ కలిపేస్తే సగం తలనొప్పి తగ్గినట్టే.

అట్లాసియన్ కంపెనీ 2002లో జిరాను తెచ్చింది. ఆ కంపెనీకి హిప్‌చాట్ అనే సొంత చాట్ యాప్ కూడా ఉండేది. 2018లో దాన్ని వదులుకుని స్లాక్‌తో చేతులు కలిపింది.

ఎలా పనిచేస్తుంది?

ఎవరైనా వచ్చారేమోనని మాటిమాటికీ తలుపు తీసి చూడం కదా.. కాలింగ్ బెల్ మోగితే వెళ్తాం. ఇదీ అంతే. టికెట్ స్టేటస్ మారగానే జిరానే స్లాక్‌కు కబురు పంపుతుంది. దీన్నే వెబ్‌హుక్ అంటారు.

ఏం చేయాలి?

* ముందుగా అడ్మిన్ పర్మిషన్‌తో స్లాక్‌లో జిరా క్లౌడ్ యాప్ ఇన్‌స్టాల్ చేయాలి.
* ప్రతి ఒక్కరూ తమ జిరా అకౌంట్‌తో లాగిన్ కావాలి.
* టీమ్ ఛానెల్‌లోకి ఆ యాప్‌ను చేర్చి, ప్రాజెక్ట్‌ను కనెక్ట్ చేయాలి.
* ఏయే అప్‌డేట్స్ రావాలో ఎంచుకోవాలి.
* ఒక టెస్ట్ టికెట్ పెట్టి మెసేజ్ వస్తోందో లేదో చూసుకోవాలి.

అన్నీ ఆన్ చేయకండి!

ప్రతి కామెంట్‌కూ ఫోన్ మోగితే రెండు రోజుల్లోనే అందరూ ఛానెల్‌ను మ్యూట్‌లో పెట్టేస్తారు. అప్పుడు అసలైన అర్జెంట్ బగ్ వచ్చినా ఎవరూ చూడరు. కొత్త టికెట్, స్టేటస్ మార్పు, హై ప్రయారిటీ.. మొదట్లో ఈ మూడూ చాలు.

ఇక్కడే జాగ్రత్త

ఛానెల్‌లో పడిన మెసేజ్‌ను అందులో ఉన్నవాళ్లంతా చూడొచ్చు. క్లయింట్ వివరాలున్న ప్రాజెక్ట్‌ను అందరూ చేరే ఛానెల్‌కు కలపొద్దు.

కొందరు యాప్ లేకుండా వెబ్‌హుక్ లింక్‌తో సొంతంగా కనెక్ట్ చేస్తారు. ఆ లింక్ తాళంచెవి లాంటిది. దాన్ని కోడ్‌లో రాసి గిట్‌హబ్‌లో అందరికీ కనిపించేలా పెడితే అంతే సంగతులు! ఎవరైనా మీ ఛానెల్‌లోకి నకిలీ మెసేజ్‌లు, మోసపు లింకులు పంపొచ్చు. పొరపాటున బయటపడితే వెంటనే పాతది రద్దు చేసి కొత్తది తీసుకోండి.

ఇంకో మాట.. ఈ సొంత కనెక్షన్‌ను ఒక ఉద్యోగి పర్సనల్ టోకెన్‌తో నడిపితే, ఆయన కంపెనీ వదిలి అకౌంట్ క్లోజ్ కాగానే అప్‌డేట్స్ ఆగిపోవచ్చు. అందుకే టీమ్ కోసం విడిగా ఒక అకౌంట్ పెట్టుకోవడం మేలు.